పొట్లం మీద పేరు లేని మిరప: ఏ జాతో ఎలా తేల్చుకోవాలి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది రాజాం. సంతలో ఒక విత్తనాల పొట్లం కొన్నారు. దాని మీద ఎర్రటి ముడతల కాయ బొమ్మ, "వెరీ హాట్ మిక్స్" అన్న మాట తప్ప రకం పేరు లేదు. జూలైలో నారు పోసి, ఆగస్టు చివర్లో కుండీల్లోకి మార్చారు. ఇప్పుడు మేడ మీద మూడు రకాల మొక్కలు తేలాయి. మొదటిదానికి చిటికెన వేలిలో సగం ఉండే తెల్లటి కాయలు, నిక్కబొడుచుకుని పైకి చూస్తున్నాయి. రెండోదానికి పెద్ద పెద్ద ఆకులు, ముడతలు పడ్డ బొద్దు కాయలు, కిందికి వేలాడుతున్నాయి, ఇంకా పండలేదు. మూడోదానికి ఊదా పూలు, నల్లగా మెరిసే గుండ్రటి కాయలు. రెండోది ఈశాన్య రాష్ట్రాల్లో పండే అతి ఘాటు మిరప, భూత్ జొలోకియాయేనా? మూడోది విషమని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు, నిజమేనా? పక్క కుండీలో బజ్జీ మిరప కూడా ఈసారి మండిపోతోంది, వీటి గాలి సోకిందా? గింజలు దాచి ఇరుగుపొరుగుకి నారు ఇవ్వొచ్చా? ఇవీ మీ అనుమానాలు.

ముందు విషం సంగతి తేల్చేద్దాం, ఇంట్లో టెన్షన్ దాని గురించే కాబట్టి. మిరప ఏ జాతిదైనా, కాయ ఏ రంగులో ఉన్నా విషం కాదు. ఆ నల్లటి ఊదా రంగు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. వంకాయ తొక్కకీ, నేరేడు పండుకీ రంగునిచ్చేది ఈ ఆంథోసయనిన్లే. ఎండ బాగా తగిలే వైపు ఆ రంగు ఇంకా ముదురుతుంది. కాయ పండేకొద్దీ ఊదా విరిగి ఎరుపు తేలుతుంది. అందానికి పెంచి నర్సరీలో కాయలతో సహా అమ్మే మొక్కలైతే, వాటికి ఏ మందులు కొట్టారో తెలియదు గనక ఆ కాయలు తినొద్దని నేనే చెప్తాను. మీరు గింజ నుంచి పెంచుకున్నదానికి ఆ భయం అక్కర్లేదు.

ఒకటి మాత్రం చూసుకోవాలి, అది నిజంగా మిరపేనా అని. గెత్తం (పశువుల ఎరువు) వేసిన కుండీల్లో కామంచి, బుడ్డబూసర, ఉమ్మెత్త వాటంతట అవే మొలుస్తాయి. అన్నీ మిరప కుటుంబానివే. నాలుగాకుల దశలో కామంచి మొక్కని మిరప నారు అనుకుని నీళ్ళు పోసి పెంచేవాళ్ళని చాలామందిని చూశాను. కాయ వచ్చాక ఇక అనుమానం ఉండదు. మిరపకాయని అడ్డంగా కోస్తే లోపల బోలుగా ఉంటుంది, చదునైన గింజలు తెల్లటి పొరకి అంటుకుని ఉంటాయి. కామంచి పండు బఠానీ కంటే చిన్నది, లోపలంతా రసం. బుడ్డబూసర కాయ చుట్టూ కాగితంలా పల్చటి బుడ్డ ఉంటుంది. ఉమ్మెత్తకి ముళ్ళ కాయ వస్తుంది, అది నిజంగానే విషం. మీ నల్ల కాయని ఒకదాన్ని కోసి ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి, వాళ్ళ భయం కూడా పోతుంది.

ఇక అసలు విషయం. ఏ మిరప అని అడగ్గానే అందరూ కాయ ఫోటో పంపిస్తారు. కాయను చూసి జాతి చెప్పబోతే తప్పులు పోతాయి. మనిషి మిరపని సాగు చేసిన వేల ఏళ్ళుగా తన కంటికి నచ్చిన కాయనీ, నాలుకకి నచ్చిన కాయనీ ఏరుకుంటూ వచ్చాడు. అందుకే కాయ ఆకారం, రంగు, పొడవు, కారం అన్నీ ఇష్టం వచ్చినట్టు మారిపోయాయి. ఒక్క క్యాప్సికమ్ యాన్యుయమ్ అనే జాతిలోనే గుంటూరు సన్నం ఉంది, రంగుకి వాడే బ్యాడగి ఉంది, బజ్జీ మిరప ఉంది, కారమే లేని కూర క్యాప్సికమ్ కూడా ఉంది. పూవుని మాత్రం ఎవరూ ఏరుకోలేదు, కాబట్టి అది పెద్దగా మారలేదు. నన్ను ఎవరు అడిగినా ముందు పూవు చూపించమనేది అందుకే.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేయాలి. జాతిని మనం చాలావరకు నమ్మకంగా చెప్పగలం. రకం పేరుని, పొట్లం మీద లేనప్పుడు, ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా "ఫలానాదానికి దగ్గరగా ఉంది" అనగలరు, అంతే. ఫోటో చూసి ఠక్కున పేరు చెప్పేసేవాళ్ళని నమ్మకండి.

సాగులో ఉన్న మిరప జాతులు అయిదు: యాన్యుయమ్, ఫ్రూటెసెన్స్, చైనెన్స్, బకాటమ్, ప్యూబెసెన్స్. అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో చేరాయి. మన పొలాల్లో, సంతల్లో కనిపించేది దాదాపు అంతా యాన్యుయమ్. కొండ వైపు, సీతంపేట, కురుపాం సంతల్లో చిన్న చిన్న ఘాటు కాయలు కుప్పలు పోసి అమ్ముతారు చూడండి, వాటిలో ఫ్రూటెసెన్స్ కనిపిస్తుంది. కేరళ కాంతారి కూడా అదే జాతి. చైనెన్స్ మనకి ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా ద్వారా, ఈ మధ్య ఆన్‌లైన్ విత్తనాల ద్వారా తెలిసింది. మిగతా రెండూ మన వైపు చాలా అరుదు.

రేపు పొద్దున్న ఏడెనిమిది గంటలకి మేడ ఎక్కండి. అప్పుడే విచ్చుకుంటున్న పూవుని వెతకండి, నిన్నటిది వద్దు. ఎందుకంటే పూవు మధ్యలో ఉండే పుప్పొడి తిత్తులు పగలకముందే వాటి అసలు రంగు తెలుస్తుంది. పగిలాక పుప్పొడి పైకి వచ్చి అంతా మీగడ రంగులో కనిపిస్తుంది. ఫోన్ కెమెరాని బాగా దగ్గరగా పెట్టి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీయండి. తర్వాత ఆ పూవు పుట్టిన కణుపు చూడండి. ఆ ఒక్క కణుపు నుంచి ఎన్ని పూలు వచ్చాయో లెక్కపెట్టండి. ఒక కణుపు చూసి సరిపెట్టుకోకుండా మొక్క మీద అక్కడో ఇక్కడో నాలుగైదు కణుపులు చూడండి.

కణుపుకి ఒకటే పూవు, రేకులు స్వచ్ఛమైన తెలుపు, తిత్తులు నీలంగానో ఊదాగానో ఉంటే సాధారణంగా యాన్యుయమ్. కణుపుకి రెండు మూడు పూలు, రేకుల తెలుపులో ఆకుపచ్చ ఛాయ, తొడిమ నిటారుగా నిలబడి పూవు మాత్రం పైన మెడ వంచినట్టు ఉంటే ఫ్రూటెసెన్స్. రేకుల మొదట్లో పసుపో ఆకుపచ్చో మచ్చలు జంటలు జంటలుగా కనిపిస్తే బకాటమ్, ఆ మచ్చలు ఇంకే సాగు జాతికీ ఉండవు. ఊదా పూవుతో పాటు ఆకుల మీద నూగు, కాయలో నల్లటి గింజలు ఉంటే ప్యూబెసెన్స్.

చైనెన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీరు అడిగింది దాని గురించే కదా. పూవు మాత్రమే చూస్తే అది ఫ్రూటెసెన్స్‌తో కలిసిపోతుంది. కణుపుకి రెండు నుంచి అయిదు దాకా పూలు, అదే ఆకుపచ్చ ఛాయ తెలుపు. తేడా తెలిసేది కాయ నెత్తిన ఆకుపచ్చ టోపీలా ఉండే ముచ్చిక దగ్గర. ఎదిగిన కాయని తుంపకుండా చేత్తో పట్టుకుని, తొడిమ వచ్చి ముచ్చికలో కలిసే చోటు చూడండి. చైనెన్స్‌లో సరిగ్గా అక్కడ ఒక నొక్కు పడుతుంది, దారం కట్టి బిగించినట్టు చుట్టూతా గుండ్రంగా. గోటితో మెల్లగా తడిమితే చేతికి తెలుస్తుంది. పిందె మీద అంతగా తేలదు, కాయ ముదిరాక స్పష్టంగా కనిపిస్తుంది. యాన్యుయమ్ కాయల ముచ్చిక తొడిమలోకి నున్నగా కలిసిపోతుంది, ఆ నొక్కు ఉండదు. ఈ ఒక్క గుర్తూ పట్టుకుంటే సగం అనుమానాలు తీరతాయి.

ఇప్పుడు మీ మొక్కల దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఫోటోల్లో రెండో మొక్క కణుపుకి మూడు కాయలు కనిపిస్తున్నాయి, ఆకు వెడల్పుగా, పైన కొంచెం ముడతగా ఉంది. ముచ్చిక ఫోటో ఒకటి కాస్త మసగ్గా వచ్చినా నొక్కు పోల్చుకోగలిగాను. ఇది చైనెన్స్ అని ధైర్యంగా చెప్తాను. ఇంకో ఆధారం మీరే చెప్పారు: ఆ గింజలు అన్నిటికంటే ఆలస్యంగా, మూడు వారాలు దాటాక మొలిచాయని. యాన్యుయమ్ మన వేడికి ఎనిమిది పది రోజుల్లో మొలుస్తుంది. చైనెన్స్‌కి రెండు వారాల నుంచి నెల దాకా పట్టడం మామూలే. మిక్స్ పొట్లం వేసేవాళ్ళు ఏ గింజ ఎప్పుడు మొలిచిందో రాసి పెట్టుకుంటే తర్వాత ఇలా పనికొస్తుంది.

అది భూత్ జొలోకియాయేనా అంటే, కాయ పూర్తిగా పండేదాకా ఆగాలి. భూత్ జొలోకియా కాయ సాధారణంగా అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొడవుండి, భుజాల దగ్గర వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది, తొక్క గరుకుగా ఉంటుంది. కింద కొసన తేలు కొండిలా తోక వస్తే స్కార్పియన్, రీపర్ అనే అతి ఘాటు రకాల తరహా అనుకోవాలి. పొట్టిగా, తొక్క కాస్త నున్నగా, లాంతరు బుడ్డి ఆకారంలో ఉంటే హబనేరో తరహా. ఒకే మొక్క మీద కూడా కాయలు రకరకాలుగా వస్తాయి, మొదటి నాలుగు కాయలు చూసి నిర్ణయించొద్దు. మొదటి కాపు కాయలు ఈ జాతిలో తరచుగా వంకరగా, చిన్నగా ఉంటాయి. మొక్క నిలదొక్కుకున్నాక వచ్చే కాయలే అసలు రూపం. మీ ఫోటోలో తోక లేదు, కాయ పొట్టిగా ఉంది. నా అంచనా హబనేరో వైపే మొగ్గుతోంది, ఇది అంచనా మాత్రమే.

మొదటి మొక్క విషయంలో తొందరపడొద్దు. కాయ పైకి చూసినంత మాత్రాన ఫ్రూటెసెన్స్ అయిపోదు.  అందానికి పెంచే యాన్యుయమ్ రకాల కాయలూ చాలావరకు పైకే చూస్తాయి. పండాక ఒక కాయ పట్టుకుని లాగి చూడండి. ముచ్చిక కొమ్మకే ఉండిపోయి, కాయ మాత్రం మెత్తగా ఊడి చేతిలోకి వచ్చేస్తే ఫ్రూటెసెన్స్ అనడానికి మంచి ఆధారం. అడవిలో పక్షులు తిని గింజలు చల్లేవి అలాంటి కాయలే. పక్షులకి మిరప మంట తెలియదు. మనకి మంట తెలిపే నాడీ గ్రాహకం, టీఆర్‌పీవీ1 అంటారు, పక్షుల్లో మిరప ఘాటుకి స్పందించదు. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పిట్టలు మీ మొదటి మొక్కని వదలకపోతే ఆశ్చర్యపడకండి, నాలుగు కాయలున్న కొమ్మకి వల కట్టండి.

మూడోది యాన్యుయమే, అందానికి పెంచే యాన్యుయమ్‌లలో ఊదా పూలవీ ఉన్నాయి. ఊదా పూవు చూసి ప్యూబెసెన్స్ అనుకునే ప్రమాదం ఉంది. కానీ అది ఆండీస్ కొండల చల్లదనంలో పెరిగిన జాతి, మన కోస్తా ఉక్కలో పూత నిలవదు. కాయ కోసి చూస్తే మీకు గింజలు మామూలు గడ్డి రంగులోనే కనిపిస్తాయి. తినండి, చల్ల మిరపకాయలకి కూడా బాగుంటుంది.

కారం సంగతి. మన అలవాటు ప్రకారం కొరికి చూడటం యాన్యుయమ్ వరకే సరి. ఎండు మిరపలో గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే కొలమానం) ఉంటుంది. హబనేరో తరహా లక్ష నుంచి మూడున్నర లక్షలు. భూత్ జొలోకియా పది లక్షలు దాటిందని 2007లో గిన్నిస్ వాళ్ళు నమోదు చేశారు. నాగా మిర్చా పేరుతో దానికి 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కరోలినా రీపర్ సగటు 16 లక్షల పైన, 2023లో రికార్డుకెక్కిన పెప్పర్ ఎక్స్ దాదాపు 27 లక్షలు. ఇంట్లో కారం తినే అలవాటు ఎంతున్నా సన్నం నుంచి రీపర్ దాకా వెళ్ళడమంటే నలభై రెట్లు ఎక్కువ. రీపర్ తిన్న ఒకాయనకి భరించలేని తలనొప్పి వచ్చి, మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా కుంచించుకుపోయాయని 2018లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. పిల్లలతో, స్నేహితులతో పందేలు కట్టి తినిపించడం మాత్రం వద్దు. ఇది బతిమాలి చెప్తున్నాను.

మీ రెండో కాయని ఇలా పరీక్షించండి. చేతికి గ్లౌజులు వేసుకుని కాయని నిలువునా కోయండి. ముక్కు కాస్త దూరంగా పెట్టి వాసన చూడండి. చైనెన్స్‌కి పండ్ల వాసన ఉంటుంది, మన మిరపకాయ వాసనలా పచ్చిగా ఉండదు. లోపల గింజలు అంటుకున్న తెల్లటి పొర చూడండి. కారం తయారయ్యేది అక్కడే. గింజల్లో కారం ఉంటుందంటారు గానీ, పొరకి తగులుకుని ఉండటం వల్ల అంటిన కారమే అది. బాగా ఘాటైన కాయల్లో ఆ పొర మీద, పక్క గోడల మీద కూడా పసుపు ఛాయతో నూనె చుక్కల్లాంటివి మెరుస్తుంటాయి. అవి దండిగా ఉంటే ఇక నాలుకకి తగిలించే పని లేదు. లేకపోతే కాయ కింది కొస నుంచి, అంటే ఆ పొరకి దూరంగా ఉన్న చోటు నుంచి, బియ్యపుగింజంత ముక్క తీసి ఒక గిన్నె పప్పులో వేసి ఉడికించి చూడండి.

చేతికి అంటితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. కారం నీళ్ళలో కరగదు, ఉత్త నీళ్ళు పోస్తే మంట ఇంకా పాకుతుంది. నోరు మండితే పెరుగో పాలో తీసుకోండి. మిక్సీలో పొడి కొట్టడం, మూకుట్లో వేయించడం ఇంట్లో తలుపులు మూసుకుని చేయకండి, ఆ ఘాటు ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం.

బజ్జీ మిరప కారమెక్కడానికి పక్క మొక్క కారణం కాదు. ఇది మన వైపు బాగా నాటుకుపోయిన నమ్మకం కాబట్టి వివరంగా చెప్తాను. తేనెటీగ పక్క మొక్క పుప్పొడి తెచ్చి బజ్జీ మిరప పూవుకి అంటించినా, ఆ పూవు నుంచి వచ్చే కాయ కండ, తొక్క, లోపలి పొర అన్నీ తల్లి మొక్కవే. కారం తల్లి స్వభావాన్ని బట్టే ఉంటుంది. కలిసిన లక్షణం లోపలి గింజలో దాగుతుంది. ఆ గింజ వచ్చే ఏడాది వేస్తే అప్పుడు మొక్కలో బయటపడుతుంది. మరి ఈసారి కారం ఎందుకొచ్చిందంటే, కుండీ మొక్కకి ఎండ, నీటి ఎద్దడి తగిలితే కారం పెరుగుతుంది. మేడ మీద చిన్న కుండీ మధ్యాహ్నానికే ఎండిపోతుంది. పెద్ద కుండీకి మార్చి మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేడా కనిపిస్తుంది. లేదా ఆ నారే వేరే రకం అయ్యుండొచ్చు, బజ్జీ మిరప పేరుతో అమ్మే నారులో చాలా తేడాలుంటాయి.

గింజలు దాచుకోవడం గురించి. మిరప ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కట్టుకుంటుంది గానీ, తేనెటీగలు తిరిగే చోట వేరే మొక్క పుప్పొడి కూడా బాగానే కలుస్తుంది. మీ మేడ మీద మూడు నాలుగు రకాలు పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి ఊరికే కాయ కోసి గింజ తీస్తే అందులో ఏముందో చెప్పలేం. పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చే పల్చటి నెట్ సంచులు ఇంట్లో ఉంటాయి కదా, వాటిని వాడండి. రేపో ఎల్లుండో విచ్చుకోబోయే మొగ్గలున్న కొమ్మకి సంచి తొడిగి మూతి బిగించండి. అప్పటికే విచ్చుకున్న పూలనీ, పిందెలనీ ముందే తుంపేయండి. రోజూ పొద్దున్న కొమ్మని వేలితో రెండుసార్లు తడితే పుప్పొడి రాలుతుంది. పిందె పడ్డాక సంచి తీసి ఆ కాయ తొడిమకి రంగు దారం కట్టండి. పూర్తిగా పండి మెత్తబడ్డాక గింజ తీసి, ఎర్రటి ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. మన తేమకి గింజ త్వరగా చెడుతుంది. బాగా ఆరాక గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడేళ్ళు నిలుస్తుంది.

అలా దాచిన గింజ వచ్చే ఏడాది పదో పన్నెండో మొక్కలు వేస్తే, పొట్లంలో ఏముందో అప్పుడు తెలుస్తుంది. మొక్కలన్నీ తల్లిలాగే వస్తే అది స్థిరపడ్డ రకం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కారం, ఒకటి చప్పన అని తలోదారి పడితే మీరు కొన్నది హైబ్రిడ్, లేదా అంతకుముందే ఎక్కడో కలిసిపోయిన గింజ. ఇరుగుపొరుగుకి నారు ఇవ్వడం ఆ తర్వాతే. ఇచ్చినా "భూత్ జొలోకియా" అని పేరు పెట్టి ఇవ్వకండి. చైనెన్స్ జాతి, కారం జాస్తి, రకం తెలియదు అని ఉన్నమాట చెప్పి ఇవ్వండి. పిల్లలున్న ఇంటికైతే మరీ స్పష్టంగా చెప్పాలి.

పొట్లం పారేయలేదు కదా? మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చట్టప్రకారం విత్తనాల పొట్లం మీద పంట పేరు, రకం, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ఉండాలి. ఆకుపచ్చ చీటీ ఉంటే అది ట్రూత్‌ఫుల్ లేబుల్, అంటే రాసినదానికి అమ్మినవాళ్ళే బాధ్యులు. నీలం చీటీ ధ్రువీకరించిన విత్తనం. మిరపకి మొలక కనీసం 60 శాతం ఉండాలి. ఇవేవీ లేకుండా బొమ్మ మాత్రమే ఉన్న పొట్లం ఇంకోసారి కొనకండి. నీలం రంగు మిరప, ఇంద్రధనుస్సు మిరప అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే బొమ్మలు కంప్యూటర్‌లో రంగులద్దినవి. గింజల మీద గులాబీ రంగో నీలమో పూత ఉంటే అది శిలీంధ్రనాశకం, చేతులు కడుక్కోవాలి, మిగిలిన గింజలు వంటింట్లో పెట్టకూడదు.

ఇది చదివి కిరాణా ఎండుమిరపలో గింజ వేద్దామా అని అడిగేవాళ్ళుంటారు. ఎండలో ఆరబెట్టిన కాయైతే మొలుస్తుంది, యంత్రంలో ఎక్కువ వేడికి ఎండబెట్టిందైతే మొలవదు. రైతుబజారులో పండు మిరప దొరికితే అది ఇంకా మేలు. పచ్చిమిర్చి గింజ ముదరదు కాబట్టి దండగ. ఇప్పుడు మార్కెట్‌కి వచ్చేదాంట్లో హైబ్రిడ్లు ఎక్కువ, అందుకని కొన్న కాయలాంటి కాయే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

చివరగా మీ రెండో మొక్కని కాపాడుకోవడం గురించి. దాని ఆకు ముడతగా ఉందని మీ పక్కింటాయన ముడత తెగులన్నారట, పీకేయకండి. ఆ జాతి ఆకు సహజంగానే కొంచెం ముడతగా ఉంటుంది. తెగులైతే లేత చిగుళ్ళలో తెలుస్తుంది. ఆకు అంచులు పైకి దోనెలా లేస్తే తామర పురుగు, కిందికి తిరగబడి కాడ సాగితే తెల్లనల్లి. తామర పురుగుకి నీలం జిగురు అట్టలు కట్టి, సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. తెల్లనల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. రెండూ ఒకేసారి కలిపి కొట్టొద్దు, ఆకు మాడుతుంది. పూలని తెల్ల కాగితం మీద తట్టి చూస్తూ ఉండండి. 2021 నుంచి మన తెలుగు రాష్ట్రాల మిరపని పీడిస్తున్న నల్ల తామర పురుగు పూలలోనే గుంపుగా చేరుతుంది, రాలిన నల్లటి నలుసులు కదులుతుంటే అవే. ఆకులు పసుపు తిరిగి, గిడసబారి, చిగురు గుబురైపోతే అది తెల్లదోమ తెచ్చే వైరస్, దానికి మందు లేదు, ఆ ఒక్క మొక్కని తీసేయాలి.

నీళ్ళు కుండీ పైమన్ను ఆరాకే పోయండి. గెత్తం బాగా చివికిందే వాడాలి, పచ్చి గెత్తం వేరుకి వేడి చేస్తుంది. వేసవిలో పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, అప్పుడు ఎరువులు కుమ్మరించినా ఉపయోగం లేదు, నీడ వల కట్టి ఊరుకోండి. మనకి గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి ఈ మొక్కలు ఏడాదితో చచ్చిపోవు. జూన్‌లో కొమ్మలు సగానికి కత్తిరించి కొత్త మట్టి, వేపపిండి వేస్తే రెండో ఏడు కాపు ఇంకా బాగుంటుంది. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన మనకి అక్టోబరు గాలుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే కుండీలు మెట్ల గదిలోకి దించేయండి.

ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం గానీ, నైరా వ్యవసాయ కళాశాల గానీ వెళ్ళే పని పడితే పూవున్న కొమ్మా, పండిన కాయా రెండూ తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి చూపించండి. నాకు పంపాలంటే రెండో మొక్క కాయ పూర్తిగా రంగు తిరిగాక నాలుగు ఫోటోలు చాలు: కొత్త పూవు ముందు నుంచి, కణుపు, ముచ్చిక నొక్కు పక్క నుంచి, నిలువునా కోసిన కాయ. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది.